కారు గడపకు పసుపు

మా కారు ఇల్లు. ఈ మాట నేను అన్నది కాదు. పురపాలక సంఘం వారు ఉత్తర్వు సంఖ్య వేసి, ముగ్గురు సంతకాలు పెట్టి, గుండ్రటి ముద్ర కొట్టి ఇచ్చిన మాట. కావాలంటే కాగితం చూపిస్తాను, ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో దాచాను. అయితే తప్పంతా వాళ్ళ మీదికే నెట్టేయడం న్యాయం కాదు. అందులో నా వాటా కూడా ఒక చిటికెడు ఉంది.

మావారు పేర్రాజు గారు పంచదార ఫ్యాక్టరీలో ముప్పై నాలుగేళ్ళు ఫిట్టరుగా పనిచేశారు. ఫ్యాక్టరీ మూతపడిన రోజున తోటివాళ్ళంతా శాలువాలూ గోడ గడియారాలూ పట్టుకుని ఇళ్ళకి వెళితే, ఈయన ట్రాక్టరు తొట్టిలో ఒక బ్రిటిష్ స్పోర్ట్స్ కారు వేసుకుని వచ్చారు. ఎప్పుడో ఒక ఇంగ్లీషు ఇంజనీరు అక్కడి షెడ్డులో వదిలేసి పోయాడట. ఫ్యాక్టరీ వాళ్ళు పీడా వదిలిందని కాగితాలతో సహా ఇచ్చేశారు. రెండు సీట్ల బండి, కానీ సీట్లు లేవు. మడత పెట్టే టాపు ఉండాలి, అదీ లేదు. పొడుగాటి ముక్కు మాత్రం ఉంది, అందులో కోడి పొదుగుతోంది. దీన్నేం చేస్తారండీ అని అడిగాను. నడుపుతాను అన్నారు. ఆ మాట అని పదకొండేళ్ళు.

ఆ పదకొండేళ్ళూ నేను బట్టలారేసుకోవలసిన పెరటి షెడ్డులో అది కాపురం పెట్టింది. దానికి కావలసిన సామాను ఏ కొట్లోనూ దొరకదు కాబట్టి మావారు జిల్లాలోని తుక్కు అంగళ్ళన్నీ జల్లెడ పట్టారు. రేడియేటరు ఒక ట్రాక్టరుది. డైనమో చేపల పడవది. హెడ్‌లైట్లు తుక్కుకి పోయిన బస్సువి. సీట్ల స్ప్రింగులు మూతపడ్డ సినిమా హాలు బాల్కనీవి. ఒక్కో ముక్క తెచ్చిన రోజున దాన్ని కిరసనాయిలుతో కడిగి, నా దోసెల పెనం పక్కన పెట్టి, దాని వంశచరిత్ర చెప్పేవారు. ఆ కారు నడిచిన రోజునే అందులో కూర్చుంటాను, అప్పటిదాకా దాని మీద చెయ్యి కూడా వెయ్యనని నేను ఒట్టు పెట్టుకున్నాను. ఆ ఒట్టు తప్పడమే మా కొంప ముంచింది.

ఈ పాతకాలపు కార్లకి పైన రేకే గానీ లోపలి ఎముకలన్నీ చెక్కవట. ఆ చెక్కని చెదలు మనసారా తిన్నాయి. అందుకని మావారు, కూలగొట్టిన ఇళ్ళ కలప అమ్మేచోట ఒక పాత టేకు ద్వారబంధం కొన్నారు. దాని పై కమ్మి కోసి సీట్ల వెనక అడ్డదూలంగా బిగించారు. గడప చెక్క డ్రైవరు తలుపు కింద మెట్టు అయింది. పై కమ్మికి 7-2-14 అని ఆ ఇంటి నంబరు పలక నీలం రంగుది ఇంకా అంటుకునే ఉంది. మేకులు పీకితే చెక్క చీలుతుందని అలాగే వదిలేశారు.

నేనైతే నంబరు సంగతి పట్టించుకోలేదు గానీ గడప సంగతి పట్టించుకున్నాను. ఏ ఇల్లాలు ఎన్నాళ్ళు పసుపు రాసిన గడపో. అది నా పెరట్లో బోసిగా పడి ఉంటే శుక్రవారం పూట నాకు అన్నం సయించలేదు. ఒట్టు పక్కన పెట్టి, నా గడపకి రాసేటప్పుడు దానికీ ఇంత పసుపు రాసి, మూడు బొట్లు పెట్టేదాన్ని. మావారు చూసి నవ్వేవారు.

ఇంతలో ఆయన కళ్ళు మొండికేశాయి. ఎడమ కంటికి పక్కనుంచి వచ్చేవి ఆనడం లేదు. కంటి డాక్టరమ్మ విమల గారు పరీక్ష చేసి, లైసెన్సు గడువు అక్టోబరు ముప్పైతో అయిపోతోంది కాబట్టి అప్పటిదాకా ఖాళీ రోడ్డు మీద జాగ్రత్తగా నడుపుకోండి, ఆ తరవాత మటుకు స్టీరింగు ముట్టుకోవద్దు అన్నారు. మావారు మాటిచ్చారు. ఆయన మాటిస్తే అంతే, నాలుగు మేకులు కొట్టినట్టే. అప్పటికి జూలై. కారు దాదాపు తయారైంది. పెరట్లో పన్నెండడుగులు ముందుకీ పన్నెండడుగులు వెనక్కీ నడుస్తోంది. రిజిస్ట్రేషను చేయించి, నంబరు తగిలించి, టాపు మడిచేసి, కాలవ గట్టు రోడ్డు మీద సముద్రం దాకా తొమ్మిది కిలోమీటర్లు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కసారి వెళ్ళాలి. ఆయన కోరిక అంతే. నంబరు లేకుండా మటుకు గేటు దాటించేది లేదు. అదీ ఆయన పద్ధతి.

సరిగ్గా అప్పుడే మా ఊళ్ళో తప్పిపోయిన ఇళ్ళ అన్వేషణ మహోద్యమం మొదలైంది. కంప్యూటరు లెక్కలో ఊరి ఇళ్ళు పద్నాలుగు వేల రెండు వందల పన్నెండు. వీధుల్లో తిరిగి లెక్కపెడితే ఒకటి తక్కువ. ఆ ఒక్కటీ దొరికితే రాష్ట్రంలో నూటికి నూరు ఇళ్ళు దొరికిన మొదటి ఊరుగా మాకు పురస్కారం వస్తుంది. దొరకనిది 7-2-14. దాన్ని నాలుగేళ్ళ క్రితం రోడ్డు వెడల్పు కోసం పురపాలక సంఘం వాళ్ళే కూలగొట్టారు. లెక్కలోంచి తీసేయవచ్చు కదా అంటే, తీసేయడానికి యజమాని ఆ ఇంటి ముందు నిలబడి దిగిన ఫొటో జతచేయాలట.

వార్డు సర్వేయరు త్రినాథ్ ఆగస్టు మొదటి వారంలో మా ఇంటికి వచ్చాడు. పాపం, ఆ ఇల్లు వెతికి పెట్టకపోతే మెమో ఇస్తామన్నారని మొహం వేలాడేసుకుని ఉన్నాడు. మజ్జిగ ఇచ్చాను. తాగుతూ షెడ్డు వైపు చూశాడు. గ్లాసు కింద పెట్టి దగ్గరికి వెళ్ళాడు. నీలం పలక చూశాడు. వంగి గడప చూశాడు. ఆ రోజు శుక్రవారం, పసుపు తడి ఇంకా ఆరలేదు.

"అమ్మా, ఈ గడపకి పసుపు ఎవరు రాశారండీ" అన్నాడు.

"నేనే నాయనా. ప్రతి శుక్రవారం రాస్తాను."

"అయితే కాపురం ఉన్నట్టేనండీ" అన్నాడు, సంచీలోంచి ఫారం తీస్తూ.

అది కారని మావారు చెప్పారు. కావచ్చునండి, కానీ మా ఫారంలో కారా కాదా అన్న గడి లేదు అన్నాడతను. నంబరు ఉందా, గడప ఉందా, కాపురం ఉన్న ఆనవాలు ఉందా, ఈ మూడే ఉన్నాయి. మూడిటికీ టిక్కు పెట్టాడు. గోడలు: రేకు. పైకప్పు: రెగ్జిను, మడత పెట్టునది. గదులు: ఒకటి. తలుపులు: రెండు. ఫొటో తీసి, ముక్కు మీద స్టిక్కరు అంటించి, నా కాళ్ళకి దండం పెట్టి వెళ్ళిపోయాడు. మేమిద్దరం పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నాం. ఆ నవ్వు పదిరోజులు కూడా నిలవలేదు.

రవాణా ఆఫీసుకి వెళితే అక్కడి అధికారి కంప్యూటరు చూసి, ఈ సొత్తు నివాసగృహంగా నమోదై ఉన్నదని చెప్పాడు. "నివాసగృహములకు వాహన సంఖ్య కేటాయించే అధికారం ఈ కార్యాలయమునకు లేదు. తమరు ముందుగా గృహము కాదని ధ్రువపత్రం తేవలెను" అన్నాడు. గృహం కాదని ఎవరిస్తారని మావారు అడిగారు. గృహమని ఎవరిచ్చారో వారే అన్నాడు.

అలా ఉపకమిషనరు శేషావతారం గారి గదికి చేరాం. ఆయన మహోద్యమానికి సారథి. ఆయన బల్ల మీద పురస్కారం పెట్టడానికి అప్పుడే చోటు ఖాళీ చేసి ఉంది. మావారు ఎంతో మర్యాదగా, అయ్యా, ఇల్లు కదలదు, ఇది కదులుతుంది, వచ్చి చూడండి అన్నారు. ఆయన నిజంగానే వచ్చారు. వెంట ఆరుగురు. మావారు ఇంజను స్టార్టు చేసి పన్నెండడుగులు ముందుకీ పన్నెండడుగులు వెనక్కీ నడిపి చూపించారు. శేషావతారం గారు కళ్ళజోడు తుడుచుకుని గుమాస్తాకి చెప్పి రాయించారు.

"సదరు గృహము స్వల్పముగా చలించుచున్నది. అయినను సర్వే నంబరు హద్దు దాటనందున స్థిరాస్తి లక్షణమునకు భంగము వాటిల్లలేదు."

మరి గేటు దాటి చూపిస్తానని మావారు అంటే, అనుమతి లేకుండా గృహమును హద్దు దాటించుట నేరమన్నారు. పోనీ లెక్కలోంచి కొట్టివేయమంటే, నివాసయోగ్యమైన గృహమును కొట్టివేయుటకు ఇంజనీరు శిథిలమైనదని రాయవలెనన్నారు. ఆ ఇంజనీరు ఆరుగురిలోనే ఉన్నాడు. పదకొండేళ్ళు రుద్ది రుద్ది అద్దంలా మెరుస్తున్న బండిని చుట్టూ చూసి, ఊళ్ళో ఇంత గట్టి కట్టడం మరొకటి లేదని రాశాడు. మావారికి అంతమంది ముందు అంత మెప్పు జన్మలో దక్కలేదు. సంతోషించాలో ఏడవాలో తెలియక నిలబడ్డారు.

తిరిగి వెళ్ళబోతూ శేషావతారం గారు చటుక్కున ఆగిపోయారు. మా ఊరు మరుగుదొడ్డి లేని ఇల్లు లేని ఊరుగా అంతకుముందే ఒక పురస్కారం పుచ్చుకుని ఉందట. ఇప్పుడు దొరికిన ఈ ఇంటికి మరుగుదొడ్డి లేదు. ఒక పురస్కారం వస్తే ఇంకొకటి పోతుంది. నాలుగు రోజుల్లో మేస్త్రీలు వచ్చి కారు పక్కన మరుగుదొడ్డి కట్టారు. మా ఇంట్లో ఒకటి ఉందయ్యా అంటే అది ఇంకో నంబరుదన్నారు. తరవాత వాన నీటి గుంట అన్నారు, వెనక చక్రం పక్కన తవ్వారు. మడ్‌గార్డు మీద కరెంటు మీటరు బిగించబోతే మావారు అడ్డంగా పడుకున్నారు. అప్పుడు దాన్ని షెడ్డు గుంజకి బిగించి, వినియోగదారుడు సహకరించలేదని రాసుకున్నారు. పట్టణ ప్రణాళిక వాళ్ళు వచ్చి ముక్కు పొడుగు టేపుతో కొలిచి, వరండా మితిమీరి ముందుకు వచ్చిందనీ, ఈసారికి మన్నించామనీ నోటీసు ఇచ్చారు.

సెప్టెంబరులో ఆదర్శ లఘుగృహం అని బోర్డు పెట్టారు. పక్క ఊళ్ళనుంచి బృందాలు వచ్చి చూసి పోయేవి. తక్కువ జాగాలో ఇద్దరు ఎలా సర్దుకోవాలో ఇక్కడ నేర్చుకోవాలని శేషావతారం గారు వాళ్ళకి ఉపన్యాసం ఇస్తుంటే, మావారు ఒక మూల నిలబడి సినిమా హాలు స్ప్రింగుల మీద ఎవరెవరో కూర్చుని లేస్తుంటే లెక్కపెట్టేవారు.

నాకు ఒళ్ళు మండింది. ఇక ఆ గడపకి పసుపు రాయను, కాపురం లేదని కొట్టేసుకుంటారు అనుకుని ఒక శుక్రవారం మానేశాను. శనివారం పొద్దున్నే త్రినాథ్ రొప్పుకుంటూ వచ్చాడు. కాపురం లేని ఇంటికి సీలు వేస్తారండీ, తలుపులకి గొలుసు పడిపోతుందండీ, అయ్యగారు మళ్ళీ ముట్టుకోలేరండీ అని చెప్పాడు. పరిగెత్తుకెళ్ళి పసుపు రాశాను.

అక్టోబరు వచ్చింది. మావారు ఆఫీసులకి తిరగడం మానేశారు. రోజూ సాయంత్రం వెళ్ళి సీట్లో కూర్చునేవారు. క్లచ్చి తొక్కేవారు, గేరు మార్చేవారు, ఇంజను మటుకు ముట్టుకునేవారు కాదు. ఆ గేరు శబ్దం వంటింట్లోకి వినబడేది. పదకొండేళ్ళు ఆయన్ని సాధించుకు తిన్నదాన్ని నేనే, ఆ టక్కుమన్న చప్పుడుకి కళ్ళనీళ్ళు పెట్టుకున్నదీ నేనే. నా చిటికెడు పసుపు ఆయన పదకొండేళ్ళ పనిని కట్టిపడేసింది. దాన్ని నేనే విప్పాలి.

త్రినాథ్‌ని కూర్చోబెట్టి, మీ దగ్గర ఎన్నిరకాల ఫారాలు ఉంటాయో చెప్పమన్నాను. అతను వేళ్ళు మడుస్తూ చెప్పుకుపోయాడు. అందులో ఒకటి దగ్గర ఆపాను. పల్లంలో ఉన్న ఇళ్ళని జాకీలు పెట్టి లేపి వెనక్కి జరిపే కంపెనీలు ఇప్పుడు వచ్చాయి కదా, వాటికోసం గృహ స్థలాంతరణ అనుమతి అని ఒక ఫారం ఉందట. అచ్చు వేయించారు గానీ ఇంతవరకూ ఎవరూ అడగలేదట. ఆ మధ్యాహ్నమే దరఖాస్తు పెట్టాను. ఎక్కడికి మార్చెదరు: సముద్రపు ఒడ్డున మా పెద్దక్క సరుగుడు తోటకి. ఏ విధముగా: ఇంటికి నాలుగు చక్రాలు అమర్చబడి ఉన్నవి. ఎవరు జరిపెదరు: ఇంటాయన.

శేషావతారం గారు ఆ ఫారం చూసి కుర్చీలోంచి లేచారట. రాష్ట్రంలో తొలి స్థలాంతరణ తన హయాంలో జరగబోతోంది. ఫైలు తొమ్మిది బల్లలు దాటాలి, ఒక్కోచోట రెండేసి రోజులు. అక్టోబరు ముప్పై వచ్చింది, వెళ్ళింది. ఉత్తర్వు నవంబరు ఆరున చేతికి వచ్చింది. కాలవ గట్టు రోడ్డు తొమ్మిది కిలోమీటర్లూ ఆదివారం ఉదయం మూసివేయవలెను. ఎదుట మనుష్యులు గానీ పశువులు గానీ వాహనములు గానీ ఉండరాదు. ప్రతి అడ్డరోడ్డు వద్ద కానిస్టేబులు నిలువవలెను. గృహ తరలింపు త్వరితగతిన పూర్తి చేయవలెను.

మావారు రెండుసార్లు చదివి మడతపెట్టి నాకిచ్చేశారు.

"మాణిక్యం, గడువు అయిపోయింది. డాక్టరమ్మకి మాటిచ్చాను."

"ఎవరినైనా పెట్టి నడిపిద్దామండీ."

"వద్దులే. పక్క సీట్లో కూర్చోడానికి కాదు నేను చేసింది."

నేను ఉత్తర్వు పట్టుకుని విమల గారి దగ్గరికి వెళ్ళాను. ఆవిడ మొదట నవ్వారు. తరవాత నవ్వు ఆపి, ఒక్కో షరతూ వేలు పెట్టి చదివారు. పక్కనుంచి ఏదీ రాదా అని అడిగారు. పిల్లి కూడా రాదండీ, కానిస్టేబుళ్ళు ఉంటారు అన్నాను. ఆవిడ చీటీ మీద రాసి ఇచ్చారు. శ్రీ పేర్రాజు గారు కారు నడపరాదు. పై ఉత్తర్వులోని షరతులన్నీ పాటించినచో ఇల్లు జరుపుకొనుటకు వైద్యరీత్యా అభ్యంతరము లేదు.

మావారు ఆ చీటీ చదివి జేబులో పెట్టుకున్నారు. తరవాత లేచి వెళ్ళి టాపు మడిచారు.

ఆదివారం పొద్దున్న గడపకి పసుపు రాసి, దాని మీద కాలు పడకుండా అవతలి తలుపులోంచి ఎక్కి, మొదటిసారి ఆ సీట్లో కూర్చున్నాను. స్ప్రింగు బాగానే ఉంది. ముందు త్రినాథ్ మోటారు సైకిలు మీద ఎర్ర జెండాతో, వెనక శేషావతారం గారు జీపులో. గేటు దాటి గట్టు ఎక్కాం. తొమ్మిది కిలోమీటర్ల రోడ్డు, ఒక పక్క కాలవ, ఒక పక్క కొబ్బరిచెట్లు, మనిషన్నవాడు లేడు. ఎడమ కంటికి ఆనవలసింది ఎడమవైపు ఏమీ లేదు. మొదటి అడ్డరోడ్డు దగ్గర కొత్త కానిస్టేబులు ఒకతను లైసెన్సు అని చెయ్యి చాచాడు. పక్కనున్న హెడ్డు అతని చెయ్యి దింపేశాడు.

"ఇల్లురా అది. ఇంటికి లైసెన్సేంటి" అని, మాకు సెల్యూట్ కొట్టాడు.

మావారు నా వైపు తిరిగి, ఉత్తర్వులో ఎలా రాశారు అని అడిగారు. త్వరితగతిన అని రాశారండీ అన్నాను. అయితే తప్పదు అని గేరు మార్చారు. అంతవరకూ వంటింట్లోకి వినబడిన ఆ చప్పుడు నా మోకాలి పక్కన వినబడింది, తరవాత గాలి మొహానికి కొట్టింది. వెనక ఇల్లు తరుముకొస్తుంటే త్రినాథ్ జెండా ఒళ్ళో పెట్టుకుని మోటారు సైకిలు మీదికి వంగిపోయాడు. జీపు ఎంత దూరాన ఉండిపోయిందో నేను చూడలేదు. ఆ తొమ్మిది కిలోమీటర్లూ మావారి పళ్ళన్నీ కనబడుతూనే ఉన్నాయి. పెళ్ళినాటి ఫొటోలో కూడా ఆయన అలా నవ్వలేదు.

సరుగుడు తోటలో ఆపి ఇంజను కట్టేశారు. సముద్రం హోరు తప్ప ఏమీ లేదు. స్టీరింగు మీంచి చేతులు తియ్యకుండా, "అయిపోయింది" అన్నారు.

పావుగంటకి జీపు వచ్చింది. శేషావతారం గారు ఇసుకలో తడబడుతూ దిగి, కెమెరావాళ్ళని పిలిచి, కారు ముక్కు మీది పాత స్టిక్కరు పీకించి కొత్తది అంటింపజేశారు. సదరు గృహము నేటినుండి ఈ స్థలమున స్థిరముగా నెలకొన్నదని ప్రకటించి, మావారి చెయ్యి పట్టుకుని ఊపారు. మావారు తల వంచుకుని తాళంచెవి జేబులో వేసుకున్నారు. ఆ తల వంచుకోవడం నేను చూడలేకపోయాను.

"అయ్యా, ఈ స్థలానికి నైరుతి మూల పల్లంగా ఉందండి" అన్నాను.

శేషావతారం గారు అటు చూశారు. అటు సముద్రం ఉంది.

"వాస్తు కుదరదండి. ఈ ఇంటిని మళ్ళీ మా పెరట్లోకే మార్చుకోవాలి. అక్కడా పడకపోతే మళ్ళీ ఇక్కడికే తేవాలి."

ఆయన మొహం గంభీరంగా పెట్టుకున్నారు. కానీ కెమెరాలు ఇంకా తీస్తూనే ఉన్నాయి, రెండో స్థలాంతరణ కూడా తన హయాంలోనే జరుగుతుందన్న ఆలోచన ఆ మొహంలోకి నెమ్మదిగా ఎక్కడం నాకు కనబడింది.

"నిబంధనల ప్రకారం ఒక గృహమునకు నెలకు ఒక్క స్థలాంతరణ మాత్రమే అనుమతింపబడునమ్మా" అన్నారు.

మావారు తలెత్తి నా వైపు చూశారు.

"నెలకొకటి చాలండి" అన్నాను.